ఆశ అనే దిక్కు: దీర్ఘవ్యాధి, ఛాయాచిత్రం, రేపటి ప్రశ్న

ఛాయాచిత్రాన్ని గురించి ఇరవయ్యో శతాబ్దంలో సాగిన తాత్త్విక చింతనలో మృత్యువుది పెద్ద పీట. సూసన్ సొంటాగ్ 1977లో ప్రచురించిన ‘ఆన్ ఫొటోగ్రఫీ’లోనూ, రోలాఁ బార్త్ 1980లో ప్రచురించిన ‘కెమెరా లూసిడా’లోనూ ఫోటో అంటే గడిచిపోయిన క్షణానికి సాక్ష్యం, అందులోని మనిషి పోయాడనో, పోబోతున్నాడనో గుర్తుచేసే వస్తువు. ఈ ఇద్దరికీ దీర్ఘవ్యాధి పుస్తకాల ద్వారా తెలిసిన విషయం కాదు. బార్త్ యౌవనంలో క్షయరోగంతో కొన్నేళ్లు శానటోరియంలలో గడిపారు. సొంటాగ్ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన తర్వాతే 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ వెలువరించారు. రోగాన్నీ ఫోటోనూ ఇంత దగ్గరగా ఎరిగినవారికే ఫోటోలో చావు కనిపిస్తే, దీర్ఘరోగి కెమెరా పట్టి ఆశను పొందడమనే మాటకు ఆధారమేమిటి? అది మంచం పక్కన కూర్చున్నవారు చెప్పే ఓదార్పు మాటేనా?

ఈ ప్రశ్నకు దారి బార్త్ పక్కన పెట్టిన చోటనే దొరుకుతుంది. తీసేవాడు, చూసేవాడు, ఫోటోలో ఉన్నవాడు అని ఆయన మూడు స్థానాలు గుర్తించారు. తాను ఫోటోగ్రాఫర్ కాదు గనుక తీసేవాడి అనుభవాన్ని గురించి మాట్లాడలేనన్నారు. అది నిజాయితీ గల మాటే. అయితే దాని ఫలితంగా సిద్ధాంతమంతా చూసేవాడి వైపు నుంచే నిర్మితమైంది. చూసేవాడికి ఫోటో భూతకాలం. తీసేవాడికి అలా కాదు. ఫిల్ము వాడిన కాలంలో మీట నొక్కినవాడి చేతిలో ఆ క్షణాన ఏ చిత్రమూ ఉండదు. రీలు పూర్తి కావాలి, కడగాలి, ఆరాలి, ప్రింటు వేయాలి. మీట నొక్కిన ప్రతిసారీ అతడు రేపటి మీద ఒక హుండీ రాస్తున్నాడు. దీర్ఘవ్యాధి మొదట దెబ్బతీసేది ఆ రేపటినే. రోగికి తేదీలు లేకపోలేదు. మందుల వేళలున్నాయి, పరీక్షల గడువులున్నాయి. కాని అవి వ్యాధి పెట్టిన గడువులు. రీలు కడిగే రోజు మాత్రం మనిషి తానుగా పెట్టుకున్నది. డిజిటల్ కెమెరా ఈ నిరీక్షణను బాగా కుదించింది గాని, రేపటి వెలుతురు కోసం ఆగే అలవాటును తొలగించలేదు.

ఆశను గురించి మన సంప్రదాయం అనుమానంగానే మాట్లాడింది. ఆశాపాశమన్న సమాసమే అందుకు సాక్ష్యం. భాగవతం ఏకాదశ స్కంధంలోని పింగళ విటుని కోసం అర్ధరాత్రి దాకా గడపలో నిరీక్షించి, చివరకు ఆశను వదిలిన తర్వాతనే సుఖంగా నిద్రపోతుంది. అవధూత ఆమెను గురువుగా స్వీకరిస్తాడు. దీర్ఘరోగులకు ఈ కథ పరాయిది కాదు. కొత్త మందు వస్తుందని, ఈసారి రిపోర్టు బాగుంటుందని ఎదురుచూసి అలసినవారికి నైరాశ్యంలోని విశ్రాంతి ఏమిటో తెలుసు. పింగళ చేసిన పనిలో తప్పు పట్టడానికి లేదు. అయితే నిఘంటువులు ‘ఆశ’కు మరో అర్థం కూడా ఇస్తాయి: దిక్కు. కావ్యభాషలో ఆశాంతమంటే దిగంతమే. ఈ రెండు అర్థాల వ్యుత్పత్తులు వేరైనా, వినేవాడి చెవిలో అవి ఒకే పదంగా కలిసి ఉన్నాయి. పైగా తెలుగులో ‘దిక్కు’ అంటే ఆధారం కూడా. ‘దిక్కులేనివాడు’ అనడంలో ఉన్నది అదే. పింగళది గడపలో నిలబడి ఎవరో వస్తారని చూసే ఆశ. కెమెరా నేర్పేది ముఖం ఎటు తిప్పాలో తేల్చుకోవడం. నయమవుతుందన్న నమ్మకం పూర్తిగా పోయిన తర్వాత కూడా ఈ రెండోది మిగలగలదు.

బ్రిటిష్ ఛాయాచిత్రకారిణి జో స్పెన్స్ (1934–1992) జీవితం ఈ భేదానికి గట్టి ఉదాహరణ. లండన్‌లో సొంత స్టూడియో నడిపి పెళ్లిళ్లూ పోర్ట్రెయిట్లూ తీసి బతికిన మనిషి ఆమె. స్టూడియో వృత్తి అంటే ముఖంలోని అలసటను దీపాలతో, రీటచింగుతో మాయం చేయడం. 1982లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో వైద్యుడు ఆమె రొమ్ము పైభాగాన సిరాతో గుర్తు పెట్టాడు. రోగానికీ ఆసుపత్రికీ ఆమె చెప్పిన జవాబు కెమెరాతోనే. ఇది జో స్పెన్స్ సొత్తేనా అని అర్థమిచ్చే మాటలను ప్రశ్నార్థకంతో సహా ఒంటి మీద రాయించుకుని ఫోటోకు నిలబడ్డారు. మామోగ్రామ్ యంత్రం కింద తన శరీరాన్ని ఫోటో తీయమని అక్కడి రేడియోగ్రాఫర్‌ను ఒప్పించారు. రౌండ్లకు వచ్చే వైద్యబృందాన్ని మంచం మీది నుంచే చిత్రించారు. ఆసుపత్రిలో రోగి ఎప్పుడూ చూడబడేవాడు. ఎక్స్‌రే, స్కాను అన్నీ అతని లోపలికి చూస్తాయి గాని, అతని చూపుతో వాటికి పని లేదు. స్పెన్స్ చేసినది ఆ వరుసను తిప్పడం. ఈ చిత్రాలలో స్వస్థత లేదు, కనీసం చిరునవ్వు కూడా తక్కువే. అయినా ఆశావాద సాహిత్యంగా చలామణీ అయ్యే చాలా రచనల కంటే వీటిలో ఆశ ఎక్కువ. తర్వాత లుకేమియా వచ్చి, కొత్తగా ఫోటోలు తీసే ఓపిక తగ్గినప్పుడు ఆమె తన పాత స్లైడ్‌లనే ఒకదాని మీద ఒకటి పేర్చి చివరి చిత్రమాలిక కూర్చారు. భూతకాలమనుకున్న చిత్రం మళ్లీ ముడిసరుకైంది. బార్త్ సిద్ధాంతంలో ఈ పనికి చోటు లేదు.

తెలుగులో ఈ చర్చ అలిశెట్టి ప్రభాకర్‌ను దాటిపోలేదు. జగిత్యాలలో ‘పూర్ణిమ’, కరీంనగర్‌లో ‘శిల్పి’, హైదరాబాద్‌లో ‘చిత్రలేఖ’ అన్న స్టూడియోలు పెట్టుకుని, ఫోటోగ్రాఫర్‌గా బతుకుతూ ఆయన కవిత్వం రాశారు, బొమ్మలు వేశారు. క్షయవ్యాధితో బాధపడుతూనే ఆంధ్రజ్యోతిలో ‘సిటీ లైఫ్’ శీర్షికన నగర జీవితం మీద చిన్న కవితలు వెలువరించారు. 1993 జనవరి 12న, నలభై నిండకముందే మరణించారు. ఆ కవితలలో ఫోటోగ్రాఫర్ కన్ను ఉందనడం తేలిక. అంతకంటే గమనించదగినది ఆ కన్ను తిరిగిన దిక్కు. స్పెన్స్ కెమెరా తన శరీరం వైపు తిరిగింది. ప్రభాకర్ చూపు ఆ శీర్షికలో ఫుట్‌పాత్ వైపు, వీధి వైపు తిరిగింది. తన రోగం మీది నుంచి చూపు తిప్పుకోవడం పలాయనమని ఎవరైనా అనవచ్చు. కాని ఇతరుల బాధను చూడగలిగినంతకాలం రోగం మనిషిని పూర్తిగా ఆక్రమించలేదనే అర్థం.

ఇక్కడే జాగ్రత్త అవసరం. క్షయకు పనిచేసే మందులు ఆయన పుట్టేనాటికే ఉన్నాయి. 1980ల నాటికి అది నయం చేయగల వ్యాధి. పేదరికంలో దీర్ఘకాలపు చికిత్స, తగిన తిండి, విశ్రాంతి కుదరడం వేరే సంగతి. గాలి ఆడని డార్క్‌రూమ్ ఊపిరితిత్తుల రోగికి అనువైన చోటూ కాదు. అయినా అన్నం పెట్టినది ఆ వృత్తే. కవి రోగంలోనూ ఆశ వీడలేదని సంస్మరణ సభల్లో మెచ్చుకునే గొంతు, అతనికి మందు ఎందుకు దక్కలేదన్న ప్రశ్నను మింగేస్తే, ఆ మెచ్చుకోలులో అన్యాయం ఉంది. ఆశగా ఉండడం రోగి బాధ్యత కాదు. అతడు చూడదలచినప్పుడు అతని చేతిలో కెమెరా ఉండాలి, పక్కన మందు కూడా ఉండాలి.

స్పెన్స్ తన ముఖాన్ని, తన గాయాన్ని చిత్రంగా మిగిల్చారు. స్టూడియో ఫోటోగ్రాఫర్‌గా ప్రభాకర్ మీట నొక్కినది ఎక్కువగా ఇతరుల కోసం. హాల్‌టికెట్టు మీద అంటించే పాస్‌పోర్టు ఫోటో, సంబంధం చూసేవారికి పంపే ఫోటో, ఉద్యోగపు దరఖాస్తుకు జతచేసే ఫోటో: ఏ ఊరి స్టూడియోకైనా రోజూ వచ్చే పని ఇదే. వాటిలో ప్రతిదీ ఎవరిదో ఒకరి రేపటి కోసం తీయించుకున్నదే. ఆ ఫోటోలు ఇప్పటికీ ఏ ఇంటి ట్రంకుపెట్టె అడుగునో, ఏ పాత సర్టిఫికెట్ల కట్టలోనో ఉండవచ్చు, తీసినదెవరో ఇంట్లోవారికి గుర్తు లేకుండా.