బొట్టు పెట్టిన పెట్టె

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు, అనగా నగరవాసులందఱును సి.టి.సి. యని పొట్టిపేరుతో పిలుచుకొను కంప్యూటర్ల అంగళ్ల సముదాయమునకు, నిరుడు నా మేనల్లుని వెంట పోవలసి వచ్చినది. కార్యాలయములవారు వాడి వదలిన డెస్కుటాపులు అచ్చట గోడల వెంబడి ఇటుకలవలె పేర్చియుండును. వానిలో మావాడు ఏరుకొన్నది మిక్కిలి చిన్నది. రెండు నిఘంటువులను జంటగా నిలిపినచో ఎంత మందమో అంతయే. దానిని ఏడువేల అయిదువందలకు కొని, గేమింగు సిస్టముగా మార్చవలెనని వాని సంకల్పము. లెక్కలు వ్రాసిన యంత్రమునకు ఈ ఆటలేమిటని నా చెల్లెలి బాధ. సృష్టినే లీల యన్న వేదాంతులు పుట్టిన దేశమున ఆ యాక్షేపణ నిలువదని యెఱిగియు నేను నోరు మెదపలేదు.

ఇంటికి తెచ్చి దుమ్ము దులుపుచుండగా, పైమూత మీద ఒక మూల ఏదో సంఖ్య అచ్చొత్తిన చీటియు, దాని ప్రక్కనే ఎండి నల్లబడిన కుంకుమబొట్టును, దాని చుట్టు పసుపు మరకయు కనబడినవి. ఏ యేటి దసరాకో ఏ గుమాస్తాయో తన బల్లమీది యీ యంత్రమునకు ఆయుధపూజ చేసియుండును. స్పిరిటులో తడిపిన గుడ్డతో వాడు దానిని తుడువబోగా, చెల్లెలు వంటింటిలోనుండి వచ్చి, "పూజ చేసిన బొట్టురా, తుడవకు" అన్నది.

"పూజ దేనికి చేశారమ్మా? ఈ డబ్బాకా, లోపలున్నదానికా? లోపలిదంతా ఎలాగూ మార్చేస్తున్నాగా!"

చెల్లెలు నావైపు తిరిగి, "నువ్వు చెప్పన్నయ్యా" అన్నది. చదువుకొన్నవాడని పేరుపడుటలోని కష్టములిట్టివే.

ప్రశ్న పిల్లవానిదే యైనను, దాని ప్రాయము రెండువేల యేండ్లకు పైబడినది. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దిలో సాగలమును ఏలిన యవనరాజు మెనాండరునకును, భిక్షువగు నాగసేనునకును రథమును గూర్చి జరిగిన సంవాదము మిలిందపన్హలో కలదు. ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా యని నాగసేనుడు ఒక్కొక్కదానినే చూపి యడుగుచు, రాజుచేత అన్నిటికిని కాదనిపించి, ఇవి యన్నియు కూడినచోట వ్యవహారమునకై పెట్టుకొన్న పేరే రథమని తుదకు ఆ రాజు నోటనే పలికించెను. నైయాయికులు దీని నొప్పుకొనరు. దారములు వేఱు, వస్త్రము వేఱు. అవయవములకంటె అవయవి భిన్నమనియే వారి సిద్ధాంతము. అయినను ఆ వస్త్రమునుండి ఒక్క దారము లాగితిమా, మొదటి వస్త్రము నశించి ఖండపటమను క్రొత్త వస్త్రము పుట్టినదనుటకు వారు వెనుదీయరు. ఈ లెక్కను మా యింటి బల్లమీద ఆ ఆదివారమునాడు ప్రొద్దుననుండి దీపములు పెట్టువేళకు అరడజను కంప్యూటర్లు పుట్టి గిట్టినవి.

నాలుగు జీబీల ర్యాము పోయి, ఎనిమిదేసి జీబీలవి రెండు వచ్చినవి. ప్రాసెసరు మీది ఫ్యాను విప్పగా, దాని యడుగున పూసిన థర్మల్ పేస్టు ఎండి పాతగోడ సున్నమువలె పొడిపొడిగా రాలినది. వాడు దానిని ఓపికగా తుడిచి, బఠాణీగింజంత క్రొత్త పేస్టు నడుమనుంచి, మరల బిగించెను. తిరిగి మూయు వఱకు ఆ చిన్న లోహపు పలక అద్దమువలె మెఱయుచు, 2014 లో వెలువడిన ఐ5-4590 అను తన పేరును చూపుచుండెను. పాత హార్డు డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. వచ్చినది. ఆ డిస్కును తెఱచి చూడగా, ఎవరివో జీతాల పట్టికలును, సెలవుచీటీలును చెఱపకయే అమ్మివేసిన సంగతి తెలిసినది. వాసనాక్షయము కానిదే జీవునకు విడుదల లేదందురు. అమ్మినవారికి ఆ చింత లేకపోయినది. చదువకుండ చెఱపివేయుమని నేను చెప్పితిని. వాడు చెఱపి, ఎస్.ఎస్.డి. లోనికి విండోసును మొదటినుండి ఎక్కించెను. జ్ఞాపకమే ఆత్మయనువారి మతమున మా యంత్రము ఆ క్షణముననే గతించినది.

దర్శనకారులు తేల్చని యీ వ్యాజ్యెమును వకీళ్లు తేల్చియుంచిరని నాకు అప్పుడే తెలిసినది. యంత్రముతోబాటు అమ్మిన విండోసు లైసెన్సు ఆ యంత్రమునకే చెల్లును. ర్యామును మార్చినను, డిస్కును మార్చినను చెల్లుచునే యుండును. మదర్‌బోర్డును మాత్రము, చెడిపోయినందున గాక మఱియే కారణమున మార్చినను, అది వేఱొక కంప్యూటరు క్రిందనే లెక్కయని మైక్రోసాఫ్టువారి నిబంధన. ఆత్మ నివాసమును ఇంత నిస్సందేహముగా, ఇంటి నంబరుతో సహా వ్రాసియిచ్చిన వాక్యము నాకు మఱియొకచోట కానరాలేదు.

ఆగమము త్రోవ వేఱు. ఆలయమును జీర్ణోద్ధరణము చేయునప్పుడు, మూలమూర్తియందలి కళను కుంభజలములోనికి ఆకర్షించి, బాలాలయమున మఱియొక మూర్తియందు నిలిపి, పని ముగిసిన పిదప సంప్రోక్షణముతో స్వస్థానమునకు చేర్తురు. యాదాద్రిలో 2016 మొదలు 2022 మార్చి 28 నాటి మహాకుంభసంప్రోక్షణము వఱకు భక్తులు నరసింహస్వామిని సేవించినది బాలాలయమునందే. ఆ యాఱేండ్లును స్వామి వేఱొకడైనాడని ఏ ముసలమ్మయు అనుకొనలేదు. రాతిలో లేక, రాయి లేకయు నిలువక, ఒక పీఠమునుండి మఱియొక పీఠమునకు పిలిచిన వచ్చునట్టిది ఆ కళ. కాని మా బల్లమీద పిలిచినవారెవరు? స్క్రూడ్రైవరు తప్ప వేఱు మంత్రము లేదు.

ఇన్ని మార్పులలో మాఱనిది ఏదియని చూడగా, నాకు ఎదురైనది పవరు సప్లై. అది 240 వాట్లది. దాని యాకారము ఆ పెట్టెకే ప్రత్యేకము. అంగడిలో దొరకు మామూలువి అందులో పట్టవు. మావాడు మొదట కోరుకొన్న గ్రాఫిక్సు కార్డు అరచేయి వెడల్పునకు మించినది, మూత పడదు. పడినను, దానికి వేఱుగా కరెంటు తీగ కావలెను. ఆ తీగ ఈ సప్లైకి లేనే లేదు. మదర్‌బోర్డు మీది స్లాటు ఇచ్చునది 75 వాట్లు మాత్రమే. ప్రాసెసరు తానొక్కటే 84 వాట్ల వఱకు త్రాగును. వాడు కాగితము మీద కూడికలు చేసి, తల గోకికొని, పదిదినములు వెదకి, ఎత్తు సగమేయుండి, ఆ 75 వాట్లతోనే తృప్తిపడు జీటీఎక్స్ 1650 కార్డును తెచ్చినాడు. దాని వెనుకనుండు పెద్ద రేకును ఊడదీసి, పొట్టి రేకును బిగించిన తరువాత గాని అదియు లోపలికి దిగలేదు. "ఏం పెడదామన్నా కాదంటుంది మామయ్యా, ఇది" అని విసుగుకొనెను.

ఆ విసుగులోనే నాకు ఉత్తరము దొరకినది. మనము ఒకదానిని అదియే యని గుర్తుపట్టునది దాని శక్తులనుబట్టి కాదేమో. అది కాదనుచోటులనుబట్టి యేమో. నలువదియేండ్ల తరువాత ఒక పెండ్లిలో నా చిన్ననాటి సహపాఠి కనబడెను. తల పండినది, గొంతు మాఱినది, నాస్తికత్వము పోయి మెడలో తులసిపూసలు వచ్చినవి. ఎవరో పోల్చుకొనలేక, పందిరి యవతలికి పోయి నిలుచుంటిని. అంతలో ఆయన ఆటోవానికి అయిదువందల నోటు ఇచ్చి, మిగిలిన చిల్లర అడుగుటకు నోరు రాక, చేయి సగము చాపి నిలిచిపోయెను. వాడే! బడి యెదుటి జామకాయల బండి వద్దను వాడు అట్లే నిలుచుండెడివాడు.

అద్వైతులు దీనికి నవ్వుదురు. ఘటమును చూచి ఆకాశమనుకొనుటయే కదా యిది. ఉపాధిని ఆత్మయనుకొనుటకంటె వేఱు అవిద్య యేమున్నదని అందురు. నిజమే. నేను చెప్పునది ఆత్మను గూర్చి కాదు, ఆనవాలును గూర్చి. అయితే బొట్టు పెట్టుటకు ఆనవాలే కావలెను. హద్దులేని దానికి నొసలు ఎక్కడ? ఆ గుమాస్తా పూజించినది తన కొలతలో, తన 240 వాట్లలో, రోజంతయు తనతో పనిచేసిన దానిని. ఆ కొలత యింకను మాఱలేదు గనుక, బొట్టు చెల్లుచునే యున్నదని నేను తీర్పు చెప్పితిని. చెల్లెలికి తీర్పు నచ్చినది. కారణములు ఆమె వినలేదు.

ఇప్పుడు మావాని చూపు పెద్ద క్యాబినెట్టు మీదను, 550 వాట్ల సప్లై మీదను పడినది. ఊడదీసిన పాత ర్యాము, చెఱపిన డిస్కు, పనికిరాని డీవీడీ డ్రైవు, పెద్ద రేకు ఒక చెప్పుల అట్టపెట్టెలో మంచము క్రింద నున్నవి. ప్లూటార్కు చెప్పిన థీసియసు ఓడ కథకు, 17 వ శతాబ్దిలో హాబ్సు ఒక మెలిక తగిలించెను: మార్చివేసిన పాత పలకల నన్నిటిని ఒకడు దాచి, వానితోనే మఱియొక ఓడ కట్టినచో, ఏది యసలు ఓడ? ఈ సంగతి మేనల్లునికి చెప్పగా, ఆ అట్టపెట్టెను సి.టి.సి. లో అమ్మినచో ఎంత వచ్చునో మాత్రము అడిగెను.

మొన్న మహర్నవమినాడు చెల్లెలు కుట్టుమిషనుకును, కత్తిపీటకును, వాని స్కూటరుకును బొట్లు పెట్టి, కంప్యూటరు మీది పాత బొట్టు ప్రక్కనే క్రొత్తది పెట్టినది. పిదప వంగి మంచము క్రిందినుండి ఆ అట్టపెట్టెను ఈవలికి లాగి, మూత తీయకయే దానికిని ఒకటి పెట్టి, మరల కాలితో కాక చేతితో లోపలికి నెట్టినది.