ఊరు మారెను, నోరు మారెనా?

వాక్యభాగములు: ఆదికాండము 32:22–31, గలతీయులకు 5:13–15



ఈసారి మేము ఒక ఫుట్‌బాల్ ఆటగాని సంగతితో మొదలుపెట్టుచున్నాము. సంఘ పత్రికలో ఆటల గొడవ ఏమిటని పెద్దలు అనుకోవచ్చును. పౌలు భక్తుడు కొరింథు సంఘానికి వ్రాసినప్పుడు పరుగు పందెమును, పిడిగుద్దుల పోటీని ఉదాహరణగా తీసుకున్నాడు (1 కొరింథీయులకు 9:24–27). ఈ ఆటగాని పేరు మన యౌవనస్థులకు మాకంటె బాగా తెలుసు. పెద్దలకు తెలియకపోయినను ఫరవాలేదు. కథ సగము వినేసరికి, ఇటువంటివారిని మన మధ్యనే చూశామే అని మీకే తోచును.

అతని పేరు లూయిస్ సువారెజ్. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశములో, సాల్టో పట్టణములో 1987లో పుట్టాడు. ఏడుగురు అన్నదమ్ములలో ఒకడు. అతనికి ఏడేండ్లప్పుడు ఆ కుటుంబము రాజధాని మాంటివిడియోకు వలస వెళ్లింది. కొంతకాలానికి తండ్రి ఇల్లు విడిచిపోయాడు. తరువాత అతడు ప్రేమించిన అమ్మాయి కుటుంబము 2003లో స్పెయిన్ దేశములోని బార్సిలోనా నగరానికి తరలిపోయింది. ఆమెకు దగ్గరగా ఉండాలంటే ఐరోపాలో ఏదో ఒక జట్టులో చేరాలి. ఆ పట్టుదలతోనే ఆడి 2006లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ జట్టులోను, 2007లో పేరుగాంచిన అజాక్స్ జట్టులోను చేరాడు. 2009లో ఆ అమ్మాయినే పెండ్లి చేసుకున్నాడు. పొట్టకోసము, అయినవారికోసము ఊరు విడిచినవారి కష్టము మనకు తెలియనిది కాదు. మన తాతలు కూడ మూట భుజాన వేసుకొని రైలెక్కినవారే. కాబట్టి అతనిమీద రాయి వేయుటకు మేము ఈ మాటలు వ్రాయుటలేదు.

అయితే ఆ గొప్ప ఆటగానికి ఒక చెడ్డ జబ్బు ఉండెను. కోపము వచ్చినప్పుడు ఎదుటి ఆటగానిని నోటితో కొరికేవాడు.

మొదటిసారి 2010 నవంబరులో. నెదర్లాండ్స్‌లో పి.ఎస్.వి. జట్టు ఆటగాడు ఒత్మాన్ బక్కల్‌ను భుజముమీద కొరికాడు. ఏడు ఆటలు ఆడకూడదని శిక్ష వేశారు. రెండు నెలలు తిరిగేసరికి, 2011 జనవరిలో, ఇంగ్లండులోని లివర్‌పూల్ క్లబ్ 2 కోట్ల 28 లక్షల పౌండ్లకు అతనిని కొనుక్కున్నది. దేశము మారింది. చుట్టూ వినబడే భాష మారింది. చొక్కా మారింది. ఇక పాత సంగతి సముద్రము అవతలే ఉండిపోయిందని అందరును అనుకొనియుందురు.

రెండవసారి 2013 ఏప్రిల్ 21న. అదే లివర్‌పూల్ మైదానములో, చెల్సీ జట్టు ఆటగాడు బ్రానిస్లావ్ ఇవనోవిచ్ చేయి కొరికాడు. ఈసారి శిక్ష పది ఆటలు. మూడవసారి 2014 జూన్ 24న, ప్రపంచమంతా కన్నులప్పగించి చూచుచున్న ప్రపంచ కప్‌లో, బ్రెజిల్ దేశములోని నాటాల్ పట్టణములో. ఇటలీ ఆటగాడు జార్జియో కియెల్లిని భుజముమీద పండ్లు దిగాయి. మూడు దేశములు, మూడు చొక్కాలు, నోరు మాత్రము ఒక్కటే.

ప్రియులారా, ఊరు మారితే మనిషి మారడు. మనము పెట్టె సర్దుకొన్నప్పుడు బట్టలు, పుస్తకములు, వంటపాత్రలు చూచుకొని సర్దుకొందుము. కోపమును ఎవరును సర్దుకొనరు. అయినను క్రొత్త ఇంటిలో పెట్టె తెరిచి చూస్తే అన్నిటికంటె పైన అదే ఉండును.

యాకోబు సంగతి తలంచుకొనుడి. తండ్రి గ్రుడ్డితనమును ఆసరా చేసుకొని, నీవెవరవని అడిగితే ఏశావునని అబద్ధమాడి, అన్న దీవెనను కాజేశాడు. అన్న కోపమునకు భయపడి బెయేర్షెబా విడిచి హారానుకు ప్రయాణమైపోయాడు. చోటు మారింది గాని మోసము వెంటనే వచ్చింది. మామ లాబాను అతనిని మోసగించాడు, అతడును మామను తెలివితో దెబ్బకొట్టాడు. అట్లే ఇరువది ఏండ్లు గడిచాయి. ఆస్తి పెరిగింది, సంసారము పెరిగింది. అయినను తిరిగి వచ్చునప్పుడు, అన్న నాలుగు వందల మందితో ఎదురు వచ్చుచున్నాడని వినగానే గుండె జారిపోయింది. ఇరువది ఏండ్ల దూరము ఆ తప్పును చెరిపివేయలేదు.

ఇప్పుడు ఆటగాని శిక్ష సంగతి చూతము. కియెల్లినిని కొరికినందుకు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2014 జూన్ 26న తీర్పు చెప్పింది. దేశము తరపున తొమ్మిది ఆటలకు నిషేధము, నాలుగు నెలలు ఫుట్‌బాల్‌కు సంబంధించిన ఏ పనియు చేయకూడదు, లక్ష స్విస్ ఫ్రాంకుల జరిమానా. ఆ శిక్ష నడుచుచుండగానే, జూలై 11న, బార్సిలోనా క్లబ్ అతనిని తీసుకొనుటకు లివర్‌పూల్‌తో ఒప్పందము కుదుర్చుకున్నది. వెల సుమారు 8 కోట్ల యూరోలు. ఏ నగరముకోసము కుర్రవాడుగా ఉన్నప్పుడు కలలు కన్నాడో ఆ నగరమే ఇప్పుడు డబ్బిచ్చి పిలిచింది. అయితే శిక్ష కూడ అతనితోపాటు సరిహద్దు దాటింది. క్రొత్త క్లబ్‌కు వచ్చినను తోటివారితో కలిసి సాధన చేయుటకు మొదట వీలులేకపోయింది. ఆగస్టులో క్రీడల న్యాయస్థానము సాధనకు అనుమతించింది గాని నాలుగు నెలల గడువును తగ్గించలేదు. అక్టోబరు 25న, గడువు తీరిన తరువాతనే, రియల్ మాడ్రిడ్‌తో ఆటలో అతడు బార్సిలోనా చొక్కా తొడుగుకొని పోటీలో దిగాడు.

ఇక్కడ ఒక సంగతి మనము గమనింపవలెను. కాటు జరిగిన తరువాత అతడు మొదట ఏమన్నాడు? కాలు నిలువక కియెల్లినిమీద పడ్డానని, కొరకలేదని వాదించాడు. తీర్పు వచ్చినను వెంటనే ఒప్పుకొనలేదు. జూన్ 30న మాత్రము, కియెల్లిని నిజముగానే కాటు దెబ్బ తిన్నాడని అందరి యెదుట ఒప్పుకొని, అతనికి క్షమాపణ చెప్పి, ఇక ఇటువంటిది జరుగనివ్వనని మాట ఇచ్చాడు. బార్సిలోనా బేరము కుదురుటకే ఆ క్షమాపణ అని అన్నవారు లేకపోలేదు. హృదయములను శోధించువాడు దేవుడొక్కడే గనుక ఆ తీర్పు మనము చెప్పనక్కరలేదు. కాని ఆరు దినములు బొంకిన నోటితోనే నిజము చెప్పవలసి వచ్చెను. అది చెప్పక ముందుకు దారి లేకపోయెను.

యాకోబునకును అంతే. యబ్బోకు రేవు దగ్గర రాత్రియంతయు పెనుగులాడి దీవెన అడిగితే, ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న, నీ పేరేమి అని. ఒకనాడు తండ్రి అడిగితే అన్న పేరు చెప్పినవాడు, ఈ రాత్రి తన సొంత పేరు చెప్పాడు. మోసగాడనే అర్థము ధ్వనించు ఆ పేరును తన నోటితో ఒప్పుకొన్న తరువాతనే క్రొత్త పేరు వచ్చింది. ఊరు మారినందున ఇశ్రాయేలు కాలేదు, నిజము ఒప్పుకొన్నందున అయ్యాడు.

గాయపడినవాని మాట కూడ చెప్పవలెను. కొరికించుకొన్న కియెల్లిని, తీర్పు వచ్చినప్పుడు తనకు కోపముగాని పగగాని లేదని, ఆ శిక్ష మితిమీరినదని చెప్పాడు. క్షమాపణ వచ్చిన తరువాత, అంతా మరచిపోయానని, శిక్ష తగ్గింతురని ఆశించుచున్నానని బదులిచ్చాడు. ఏశావు పరుగెత్తి వచ్చి తమ్ముని మెడమీద పడి ఏడ్చిన దినము మాకు జ్ఞాపకము వచ్చింది (ఆదికాండము 33:4). క్షమించుట చేతకాక మన మందిరములలో ఎన్నేండ్లుగానో వేరువేరు బల్లలమీద కూర్చున్నవారు, ఈ ఆటగానిని చూచి సిగ్గుపడవలెను.

ఇక చెప్పుటకు కష్టమైన మాట ఒకటి మిగిలియున్నది. ఇది కొరికినవానిని గూర్చినది కాదు, అతనిని వెనకేసుకొచ్చినవారిని గూర్చినది.

2011 అక్టోబరులో, లివర్‌పూల్‌కు ఆడుచున్న రోజులలో, మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను ఒంటి రంగు ఎత్తి అవమానించాడని సువారెజ్‌మీద నేరము మోపబడింది. తనలో జాతి ద్వేషము లేదని అతడు వాదించాడు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము విచారించి, నేరము రుజువైనదని ఎనిమిది ఆటల నిషేధము, 40,000 పౌండ్ల జరిమానా వేసింది. అప్పుడు లివర్‌పూల్ ఆటగాళ్లు ఏమి చేశారు? ఆ డిసెంబరులో ఒక ఆటకు ముందు, సువారెజ్ బొమ్మ ఉన్న చొక్కాలు తొడుగుకొని మైదానములోనికి వచ్చారు. అవమానింపబడిన మనిషిని ఎవరును తలంచలేదు. గోల్స్ కొట్టువాడు మనవాడు, అంతే. ఎనిమిదేండ్ల తరువాత, 2019లో, నాటి లివర్‌పూల్ ఆటగాడు జేమీ కారాగర్ టీవీలో ఎవ్రా యెదుటనే కూర్చుండి, మేము పొరపాటు చేశామని క్షమాపణ చెప్పాడు. ఎనిమిదేండ్లు పట్టింది!

పుట్టుకను ఎత్తి చూపి మాటలనుట ఎంత లోతుగా దిగునో మన జనులకు ఎవరును నేర్పనక్కరలేదు. మన తండ్రులు ఆ కాట్లు భరించినవారే. అయినను మన సంఘములలో మనమేమి చేయుచున్నాము? ఒకడు బాగా పాడును, లేక బాగా మాటలాడును, లేక కానుక ధారాళముగా వేయును. అతని నోటి దెబ్బకు ఒక విధవరాలు ఆరాధనకు వచ్చుట మానుకొనెను. మనము ఎవరి ఇంటికి వెళ్లుదుము? ఆమె ఇంటికా, అతని ఇంటికా? పోనిమ్మండి, ఆయన స్వభావము అంతే, పనిమంతుడు అని సర్దిచెప్పిన ప్రతిసారియు మనము కూడ ఆ చొక్కా తొడుగుకొన్నవారమే.

మరియొక సంగతి. ఒక సంఘములో తగవు పడినవారు బదిలీ పత్రము తీసుకొని మరియొక సంఘమునకు పోవుదురు. పీడ విరగడైనదని ఈ సంఘమువారు వెంటనే సంతకము చేసి ఇత్తురు. మంచి గొంతు దొరికెనని ఆ సంఘమువారు ఏమియు అడుగక చేర్చుకొందురు. అక్కడ ఎవరితోనైనా సమాధానపడవలసియున్నదా అని అడుగువారు లేరు. ఫుట్‌బాల్ లోకములోనైనను ఒక క్లబ్‌లో ఉండగా పడిన శిక్షను మరియొక క్లబ్ గౌరవింపవలెను. ప్రభువు సంఘములో ఆపాటి క్రమమైనను ఉండవద్దా? అర్పణ బలిపీఠము దగ్గర విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడుమన్నది మన ప్రభువే గదా (మత్తయి 5:23–24). ఒకరినొకరు కొరుకుకొని భక్షించువారు చివరకు ఒకరిచేత ఒకరు నశింతురని పౌలు గలతీయులను హెచ్చరించినది కూడ ఇందుకే.

అట్లని, బార్సిలోనావారు చేసినదంతయు తప్పని మేము అనుటలేదు. నిషేధములో ఉన్నవానికి వెల చెల్లించి తమవానిగా చేసుకొన్నారు. అతడును 283 ఆటలలో 198 గోల్స్ కొట్టి ఆ నమ్మకము నిలబెట్టుకొన్నాడు. 2015 జూన్ 6న బెర్లినులో జరిగిన ఐరోపా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో, కియెల్లిని జట్టయిన జువెంటస్‌మీదనే ఒక గోల్ కొట్టి కప్పు తెచ్చాడు. కాని క్లబ్‌వారు అతనిని ఎందుకు కొన్నారు? అంతకుముందు లివర్‌పూల్ తరపున ఒక్క లీగులోనే 33 ఆటలలో 31 గోల్స్ కొట్టాడు గనుక. మన ప్రభువు మనలను అట్లు కొనలేదు. మన లెక్కలో ఒక్క గోల్ లేనప్పుడు, మనమింకను ఆయనకు విరోధముగా ఆడుచున్నప్పుడు, తన రక్తమే వెలగా ఇచ్చాడు (రోమీయులకు 5:8–10). శిక్ష గడువు మనము తీర్చలేదు, ఆయనే తీర్చాడు. అటువంటి వెలకు కొనబడినవారి నోరు ఎట్లుండవలెను?

కథ ముగిసినదని అనుకొంటిమి. ఎందుకనగా బార్సిలోనాలోను, 2020 తరువాత అట్లెటికో మాడ్రిడ్‌లోను అతడు ఎవరినైనను కొరికినట్లు వార్త రాలేదు. అయితే 2025 ఆగస్టు 31న, అమెరికాలో ఇంటర్ మయామి తరపున ఆడి లీగ్స్ కప్ ఫైనల్ ఓడిపోయిన దినమున, ఎదుటి జట్టు సియాటిల్ సిబ్బందిలో ఒకనిమీద ఉమ్మివేశాడు. అప్పటికి అతనికి 38 ఏండ్లు. మరల నిషేధము, మరల క్షమాపణ. కొరుకుట మానిన నోరు ఉమ్ముట నేర్చెను. ఇది చదివి నవ్వవద్దు. బాప్తిస్మము పొంది ముప్పది ఏండ్లయిన మన నోరు సాయంత్రము ఇంటిలో ఏమి చేయుచున్నదో ఒక్కసారి తలంచుకొనుడి. ఒకసారి ఒప్పుకొని విడిచిపెట్టుట చాలదు, యాకోబు బ్రదుకంతయు కుంటుచునే నడిచాడు. ఆ కుంటు అతనికి ప్రతి అడుగులోను ఆ రాత్రిని జ్ఞాపకము చేసెను.

కాబట్టి ప్రియులారా, వచ్చే ప్రభురాత్రి భోజనమునకు ముందు ఒక పని చేయుదము. మనము విడిచివచ్చిన ఊరిలో, విడిచివచ్చిన సంఘములో, విడిచివచ్చిన ఇంటిలో, మన నోటి గాయముతో నేటికిని ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? వారి పేరు తలంచుకొని, ఒక ఉత్తరము వ్రాయుదము, లేక ఫోన్ చేయుదము. కాలు జారినదని చెప్పవద్దు. కొరికినది నేనే అని చెప్పుదము. అంతకంటె గట్టిగా పెనుగులాడవలసిన రాత్రి మరియొకటి ఉండకపోవచ్చును. తెల్లవారునప్పుడు సూర్యుడు మనమీద కూడ ఉదయించును.

ప్రభువు మన పెదవులకు కావలి యుంచి, తన సమాధానముతో మన సంఘములను నింపును గాక. ఆమేన్.