శిక్షా? శిక్షణా?

2021 నవంబరులో కురిసిన కుండపోత వర్షాలను చిత్తూరు, తిరుపతి ప్రాంతాల వారు ఇంకా మరచిపోలేదు. స్వర్ణముఖి పొంగింది. తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లు చేరాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఏళ్ల తరబడి చినుకు కోసం దుఆ చేసిన నేల మీదే వాన ఆపదగా మారింది.

ఇలాంటప్పుడు మన నోట తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది: “ఏం పాపం చేశారో, పాపం!” ఈ మాట అనే ముందు మనం హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం)ను తలచుకోవాలి. ఆయన దైవప్రవక్త. అయినా తీవ్రమైన బాధకు గురయ్యారు. అది ఏ పాపానికి శిక్ష? దివ్య ఖుర్ఆన్‌లోని అంబియా సూరా ఆయన మొరను మన ముందుంచింది. తనకు బాధ కలిగిందని చెప్పుకున్నారు, అల్లాహ్ అందరికన్నా కరుణామయుడని అన్నారు. అంతే. ఫిర్యాదు లేదు, బేరం లేదు.

దేవుడు తాను ప్రేమించేవారిని తండ్రిలా క్రమశిక్షణలో పెడతాడని మన పొరుగున ఉన్న క్రైస్తవులు హెబ్రీ పత్రిక ఆధారంగా చెబుతారు. మనం అల్లాహ్‌ను తండ్రి అని అనం. కానీ ‘రబ్’ అని రోజూ నమాజులో పిలుస్తాం. మెల్లమెల్లగా పెంచి, తీర్చిదిద్ది, పూర్ణతకు చేర్చేవాడన్న భావం ఆ పదంలోనే ఉంది. విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానివల్ల అతని పాపాలు తొలగుతాయని దైవప్రవక్త (స) తెలిపారు.

అయితే ఒక జాగ్రత్త. ఈ బోధన మన కష్టాన్ని మనం అర్థం చేసుకోవడానికే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట కూర్చుని “ఇది నీకు శిక్షణ” అనడానికి కాదు. తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారు. కన్నీరు సబ్ర్‌కు విరుద్ధమైతే ఆయన ఏడ్చేవారా? అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు ప్రసంగం కన్నా ఒక పూట భోజనం పట్టుకెళ్లడం మేలు.

సహనమంటే చేతులు ముడుచుకోవడమూ కాదు. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని బదులిచ్చారు. రాయలచెరువు కింద ఇళ్లు విడిచి వెళ్లినవారూ, కట్ట నిలబెట్టడానికి పాటుపడినవారూ చేసింది అదే.