పాదయాత్రకు పూర్వము కృతజ్ఞతా ధర్మము

కృతమును ఎఱిగినవాడు కృతజ్ఞుడు. ఈ పదమునందు ఎఱుగుట యను అర్థము కలదేగాని తీర్చుట యను అర్థము లేదు. ఒకరు తనకు చేసిన మేలును మఱువక మనస్సున నిలుపుకొనుట కృతజ్ఞత. ఆ మేలునకు మాఱుగా మఱియొక మేలు చేయుట ప్రత్యుపకారము. ఈ రెండింటిని ఒకటిగా భావించుటవలన లోకమున పెక్కు పొరపాట్లు కలుగుచున్నవి. వీని భేదమును విశేషముగా విచారింపవలసిన సందర్భము ఒకటి కలదు. అది పరోపకారార్థము దీర్ఘమైన పాదయాత్రకు బయలుదేరు సమయము.

శ్రీవేంకటాచలమునకు కాలినడకన పోవు భక్తులు అనాదిగా కలరు. ఇప్పటికిని అలిపిరి సోపానమార్గమున మెట్టు మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు కొండనెక్కు ఇల్లాండ్రను చూడవచ్చును. ఇటీవలి కాలమున మఱియొక విధమైన నడకయు లోకమున వ్యాపించినది. రోగులకు చికిత్స కొఱకో, అనాథబాలల చదువు కొఱకో వందల మైళ్ళు నడచి, ఆ నడకను చూచి దాతలిచ్చిన ధనమును సత్కార్యమునకు సమర్పించుట దాని స్వరూపము. ఇది శ్లాఘ్యమే. కాని అందొక చిక్కు కలదు. పూలమాలలు నడచువాని మెడలో పడును. పత్రికలలో వాని పేరే వచ్చును. ఇంటివద్ద ముసలితల్లికి వేళకు మందిచ్చు భార్య పేరు గాని, వాని పనిని తన నెత్తిన వేసికొన్న తోటి ఉద్యోగి పేరు గాని, ప్రతి సాయంకాలము కాలి బొబ్బలకు కట్టు కట్టిన మిత్రుని పేరు గాని ఎవ్వరును ఎఱుగరు. నడచువాడు తన కాళ్ళతోనే నడచుచున్నాడు కదా, వీరికి అతడు ఋణపడినాడా? పడినచో దానిని ఎప్పుడు, ఏ విధముగా ఒప్పుకొనవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారు ముందుగా అయోధ్యాకాండను ఆశ్రయింపవలెను. శ్రీరామచంద్రుని వనగమనము తండ్రి సత్యమును నిలుపుటకై చేసిన పాదయాత్ర. ఆ దినమున స్వామికి వ్యవధి మిక్కిలి తక్కువ. అయినను ఆయన చేసిన కార్యములను వరుసగా గమనింపుడు. మొదట కౌసల్యాదేవి కడకు పోయెను. ఆమె శోకించినది, వలదన్నది, తానును వెంట వత్తునన్నది. ఆమెను ధిక్కరించి స్వామి కదలలేదు. ధర్మమును విన్నవించి, ఒప్పించి, ఆమె నోట మంగళాశాసనము పొందెను. ఆమె విశల్యకరణి యను ఓషధిని రక్షగా కట్టినది. తల్లి కట్టిన రక్షతో కదలిన కాళ్ళు అవి.

తరువాత స్వామి తన సొత్తునంతయు పంచెను. వసిష్ఠ పుత్రుడైన సుయజ్ఞునికి, చిరకాలము సేవించిన సూతుడు చిత్రరథునికి, వేదాధ్యయనమందే కాలము గడుపు బ్రహ్మచారులకు యథోచితముగా ఇచ్చెను. త్రిజటుడను పేదబ్రాహ్మణునితో పరిహాసమాడి, దండమును విసరుమని చెప్పి, అది పడినంత మేరలో గల గోవులనిచ్చెను. ఆ వెంటనే, అది పరిహాసమేగాని వేఱు కాదు, కోపింపవలదని అతనిని వేడుకొనెను. ఇచ్చినవాడు పుచ్చుకొన్నవానిని క్షమాపణ కోరుట ఎంతటి విశేషము! కన్నీరు నించుచున్న పరిజనులకు ఒక్కొక్కరికి జీవనమునకు చాలినంత ధనమిచ్చి, తాము తిరిగి వచ్చువఱకు తన గృహమును లక్ష్మణుని గృహమును శూన్యముగా ఉంచవలదని ఆదేశించెను. పదునాలుగేండ్లు యజమాని లేని ఇంట దీపము పెట్టువాడెవడో ఆనాడే నిర్ణయమైనది.

కడపట రథమెక్కుటకు ముందు, దశరథుని మూడు వందల యేబది మంది ఇతర పత్నులకు చేతులు జోడించెను. ఒక్కచోట నివసించుటవలన తెలియక పరుషముగా పలికినదేమైన ఉన్నచో మన్నింపవలసినదని ప్రార్థించెను. కలసి బ్రతికినవారి నడుమ తెలియని నొప్పి ఏదో ఒకటి తప్పక ఉండునని స్వామికి తెలియును. కృతజ్ఞతయు క్షమాప్రార్థనయు ఒకే అంజలిలో ఇమిడినవి. మేలును తలచువాడు, ఆ మేలు చేసినవారికి తనవలన కలిగిన శ్రమను తలపకుండుట ఎట్లు?

ఈ ఘట్టముననే మఱియొక విషయమును కలదు. లక్ష్మణస్వామి తల్లియైన సుమిత్రాదేవి కడ సెలవు తీసికొనెను. ఊర్మిళాదేవి కడ సెలవు తీసికొన్నట్లు వాల్మీకి మహర్షి వర్ణింపలేదు. మహర్షి మౌనమునకు కారణములెన్నియో ఉండవచ్చును. కాని తెలుగునాట ఇల్లాండ్రు ఆ మౌనముతో తృప్తిపడలేదు. ఊర్మిళాదేవి నిద్ర యను పాటను కట్టి తరతరములు పాడుకొనిరి. ఆ పాటలో ఆమె పదునాలుగేండ్లు నిద్రించును. తిరిగి వచ్చిన భర్తను పరపురుషుడని తలంచి గద్దించును. యాత్ర చేసినవాని కాలము వేఱు, ఇంటనున్నదాని కాలము వేఱు. మహాకార్యమునకై భర్తను పంపిన స్త్రీ యొక్క త్యాగమును ఎవరైన ఒకరు పేరు పెట్టి చెప్పవలెనని ఆ పాట అడుగుచున్నది. పాదయాత్రకు పోవు గృహస్థుడు దీనిని ఒకమాఱు వినుట మేలు.

ఇచట ఒక ఆక్షేపము పుట్టును. సత్కార్యమునకు సాయపడినవారికి పుణ్యములో భాగము ఎట్లును లభించును గదా, వారికి వేఱుగా కృతజ్ఞత చెప్పుట యెందులకు అని. పుణ్యఫలమును ఇచ్చువాడు భగవంతుడు. కృతజ్ఞతను చూపవలసినవాడు మనుష్యుడు. భగవంతుడు తన పని చేయునని మనుష్యుడు తన పనిని మానరాదు. పుట్టినవానికి దేవఋణము, ఋషిఋణము, పితృఋణములతోపాటు మనుష్యఋణము అను నాల్గవది కూడ కలదని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. వచ్చినవారికి నివాసమును అన్నమును ఇచ్చుటచేత అది తీరును. పాదయాత్రికుడు దారిపొడవునను ఇతరుల ఇండ్ల నివాసమును అన్నమును పుచ్చుకొనువాడు. కావున మనుష్యఋణము వానికి అడుగడుగునకు పెరుగుచుండును.

దీనికంటె కఠినమైన ప్రశ్న మఱియొకటి కలదు. ఇంటివారిని ఇబ్బందిపెట్టి లోకమునకు మేలు చేయుట ధర్మమా? తన వారు దుఃఖముతో జీవించుచుండగా పరులకు దానము చేయువాని కార్యమును మనువు ధర్మముగా అంగీకరింపలేదు. అది ధర్మమువలె కనబడు వేఱొక వస్తువనియు, మొదట తీయగా నుండి పిదప విషమగుననియు ఆయన తాత్పర్యము. కావున యాత్రకు ముందు ఇంటివారికి చెప్పు కృతజ్ఞత మర్యాద కొఱకు చెప్పు మాట కాదు. అది ఒక పరీక్ష. భార్యను కూర్చుండబెట్టి, నీవలన నాకు ఈ యాత్ర సాధ్యమగుచున్నదని చెప్పబోవువాడు, ఆమెకు ఎంత భారము పడనున్నదో తప్పక లెక్కింపవలసి వచ్చును. ఆ భారము ఆమె మోయరానిదైనచో కృతజ్ఞతావాక్యము గొంతులోనే ఆగిపోవును. అట్లు ఆగినచో యాత్రను వాయిదా వేయుటయే ధర్మము. చేసిన నిర్ణయమును తెలియజేసి దీవెన కోరుట వేఱు, అనుమతిని అడిగి దానికై వేచియుండుట వేఱు. కౌసల్య ఎదుట శ్రీరాముడు రెండవ మార్గమునే అనుసరించెను.

సహచరుల విషయమున శ్రీవైష్ణవ గురుపరంపరలో మనోహరమైన ఉదంతము ఒకటి ప్రసిద్ధము. భగవద్రామానుజులు రహస్యార్థమును గ్రహించుటకై శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరునకు పదునెనిమిది మాఱులు నడచిపోయిరి. కడపటిమాఱు దండపవిత్రములతో మాత్రమే రావలెనని ఆజ్ఞ వచ్చినది. రామానుజులు దాశరథిని, కూరేశులను వెంటబెట్టుకొని పోయిరి. ఇదేమని ఆచార్యులైన గోష్ఠీపూర్ణులు అడుగగా, ఒకరు తనకు దండమనియు, మఱియొకరు పవిత్రమనియు విన్నవించిరి. త్రోవలో పట్టుకొను కఱ్ఱను నడకనుండి వేఱు చేయలేము. మిత్రుని అట్లు తలచుటకంటె గొప్ప కృతజ్ఞత లేదు. అట్లు పొందిన మంత్రార్థమును రామానుజులు తమ కొఱకు దాచుకొనక గోపురమునుండి అందఱికి దానము చేసిరి. మిత్రులను తనలో భాగముగా తలపగలిగిన హృదయమే లోకమును తనదిగా తలపగలిగినది.

కృతజ్ఞతను యాత్ర ముగిసిన పిదప చెప్పరాదా అని కొందఱు అడుగవచ్చును. చెప్పవలసినదే. కాని ముందు చెప్పుటలో ఒక విశేషము కలదు. జయము చేతికి వచ్చిన పిదప చెప్పు కృతజ్ఞతలో, ఎంత కాదనుకొన్నను, జయించినవాని గర్వము కొంచెము కలియును. బయలుదేరుటకు ముందు ఫలము ఎవరికిని తెలియదు. అప్పుడు చెప్పు మాటకు అర్థము వేఱు. నేను గమ్యమును చేరినను చేరకున్నను మీరిచ్చినది ఇచ్చినదే, అది నాకు అందినది అని దాని భావము. ఫలమును చూడక కర్మను గౌరవించుట ఇదియే కదా.

నడచువారందఱును గమ్యమును చేరరు. కెనడా దేశమున టెర్రీ ఫాక్స్ అను యువకుడు క్యాన్సరు వ్యాధిచేత ఒక కాలిని పోగొట్టుకొని, ఆ వ్యాధి పరిశోధనకు ధనము కూర్చుటకై కృత్రిమమైన కాలితో 1980 ఏప్రిల్ 12న తూర్పుతీరమునుండి పరుగు మొదలుపెట్టెను. 143 దినములలో 5,373 కిలోమీటర్లు సాగిన పిదప వ్యాధి మరల ఊపిరితిత్తులలో కనబడుటచేత సెప్టెంబరు 1న ఆగిపోవలసి వచ్చెను. 1981 జూన్‌లో ఆయన పరమపదించెను. పడమటి సముద్రమును చేరనేలేదు. ఆయన వెంట బండిని నడపుచు వంట చేసిపెట్టిన బాల్యమిత్రుడు డగ్ ఆల్వర్డ్. అలసటవలన ఆ మిత్రుల నడుమ మాటలు లేని దినములును గడచినవి. తమ్ముడు డారెల్ వచ్చి కలసిన పిదప ఆ బిగువు సడలినది. స్నేహితులైనను సహోదరులైనను త్రోవలో మనస్తాపములు తప్పవు. అందుచేతనే మంచి మాటను ముందుగానే చెప్పి ఉంచుకొనవలెను. కష్టకాలమున అది నిలువ ధనమువలె అక్కఱకు వచ్చును.

తెలుగుదేశమున పుట్టిన దానయాత్రను కూడ స్మరింపవలెను. ఆచార్య వినోబాభావే 1951లో వార్ధా ప్రాంతమునుండి కాలినడకన హైదరాబాదు దాపుననున్న శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిరి. పిదప తెలంగాణమున పర్యటించుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. అచటి హరిజన కుటుంబములవారు 80 ఎకరముల భూమి కావలెనని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. భూదానోద్యమము ఆ విధముగా పుట్టినది. భూస్వామికి అయిదుగురు కుమారులున్నచో తనను ఆఱవ కుమారునిగా భావించి పేదల భాగమును ఇమ్మని వినోబా అడుగుచుండిరి. సుమారు పదుమూడేండ్లు ఆ నడక సాగినది. నలుబది లక్షల ఎకరములకు మించి దానపత్రములు వచ్చినవి. కాని ఆ భూమి యంతయు పేదల చేతికి చేరలేదు. కొంత సాగునకు పనికిరానిదయ్యెను, కొంత వివాదములలో చిక్కుకొన్నది. నడచువాని కాళ్ళు దానమును ఊరి వఱకే తేగలవు. పిదప కొలతలు వేయించి, పత్రములు వ్రాయించి, పేదవానిని పొలమున నిలుపువారు వేఱొకరు. వారు పని చేయనిచో దానము మాటగనే మిగులును. పోచంపల్లిలో అడిగినవారు లేనిచో నడక దానయాత్ర యగుటయే లేదు. కావున దానయాత్రికుడు ముందున్నవారికి, వెంటనున్నవారికి, తరువాత రానున్నవారికి కూడ ఋణస్థుడే.

ఇంతటి ఋణమును తీర్చుట ఎట్లు? ఉత్తరకాండమున శ్రీరాముడు హనుమంతునికి వీడ్కోలు పలుకునప్పుడు ఈ ప్రశ్నకు అపూర్వమైన సమాధానము లభించుచున్నది. ఆంజనేయుని ఉపకారమును స్వామి తీర్చివేయ గోరలేదు. ఏలయన, ఆపదలో చేసిన సాయమునకు సరియైన ప్రత్యుపకారము చేయవలెనన్నచో, ఆ చేసినవానికి కూడ ఆపద రావలెను. అట్టి అవకాశమును కోరుట మిత్రునికి కీడు కోరుటయే యగును. కావున ఆ మేలు తనయందే జీర్ణమై నిలిచియుండుటను స్వామి కోరెను. ఋణస్థుడుగా ఉండుట అవమానమని తలంచువారికి ఇది గొప్ప ఉపదేశము. కొన్ని ఋణములు తీర్చుటకు కాదు, మోయుటకు కలవు. మోయువాని హృదయము మెత్తబడును. ఆ మెత్తదనము పరులయెడ దయగా ప్రవహించును. తనవారినుండి పొందినది తనవారికే తిరిగి ఇచ్చుటకు వీలుకానప్పుడు, దానిని ఎఱుగని రోగికి, పేదబాలునికి అందించుట ధర్మము. దానయాత్ర యనగా ఇదియే.

కావున పరోపకారార్థము నడువబోవు గృహస్థుడు ఇట్లు ఆచరించుట ఉచితము. తల్లిదండ్రులకు సాష్టాంగ ప్రణామము చేసి సెలవు పొందవలెను. ఆచార్యులను, పెద్దలైన భాగవతులను దర్శించి ఆశీస్సులు తీసికొనవలెను. భార్య కడ, పిల్లల కడ కూర్చుండి, తాను లేని దినములలో ఎవరెవరు ఏ పని చేయుదురో విచారించి, ఒక్కొక్కరి పనిని పేరుతో చెప్పి మెచ్చవలెను. అందఱికిని కలిపి ఒకే నమస్కారము చేయుట కంటె, ఒక్కొక్కరు చేసిన ఒక్కొక్క మేలును తలచి చెప్పుట మేలు. చిల్లర బాకీలుండిన తీర్చివేయవలెను. చిరకాలముగా మాటలు లేని బంధువున్నచో ఆ గడప త్రొక్కి రావలెను. ధనమిచ్చినవారిని మొత్తమునుబట్టి హెచ్చుతగ్గులుగా చూడరాదు. పది రూపాయలిచ్చిన కూలివాని దినములో ఆ పది రూపాయలకు ఎంత స్థానమో నడచువాడు ఎఱుగడు. యాత్ర ముగించి వచ్చిన పిదప సమారాధన చేసి, భగవత్ప్రసాదమును మొదట తన కొఱకు ఇంట నిలిచినవారికి వడ్డింపవలెను.

కాళ్ళకు బలమిచ్చువాడు శ్రీమన్నారాయణుడు. ఆ బలము అన్నముగా, ఔషధముగా, మంచి మాటగా మనకు అందుట తల్లి, భార్య, సోదరుడు, మిత్రుడు అను రూపములలోనే. వారికి నమస్కరించి వీధిలో పెట్టిన మొదటి అడుగే యాత్రలో మేలైన అడుగు. శ్రియఃపతి అట్టి యాత్రికులను, వారి కొఱకు ఇంట వేచియుండువారిని సమానముగా కటాక్షించుగాక.