ఓడెక్కినోళ్లు, ఎక్కనోళ్లు

‘మీవాళ్లు పాకిస్తానెందుకు పోయారు?’ అని మమ్మల్ని అడుగుతారు. ‘మరి మీరెందుకు పోలేదు?’ అనీ వాళ్లే అడుగుతారు. ఏ జవాబు చెప్పినా నేరం మాదే.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. చంపుడు మాత్రం ముగియలేదు. అప్పుడు మా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఉండేది. ఎక్కువ దెబ్బతిన్నవని సుందర్‌లాల్ కమిటీ చెప్పిన నాలుగు జిల్లాల్లో బీదరొకటి. సంస్థానం మొత్తమ్మీద చచ్చినోళ్లు 27 వేల నుంచి 40 వేలని దాని అంచనా. రజాకార్ల దౌర్జన్యాల్ని మేం కాదనం. ఆ లెక్క దర్జీ మీదా, దూదేకులాయన మీదా ఎందుకు పడిందన్నదే మా ప్రశ్న.

భయపడ్డోళ్లు కొందరు బొంబాయి చేరి కరాచీ ఓడెక్కారు. బర్రెను పక్కింటోళ్ల కొట్టంలో కట్టేసి, వచ్చేదాకా చూడమని చెప్పిపోయినోళ్లూ ఉన్నారని మా దాదీలు చెప్పేవారు. తిరిగి రావాలనుకునేటోళ్లే కదా ఆ మాట చెప్పేది! 1950 చట్టం వాళ్ల ఇళ్లను కాందిశీకుల ఆస్తి అంది. అవతలి ఒడ్డున వాళ్లు ముహాజిర్లయ్యారు.

ఆ ఏళ్లలోనే ఎన్నో జర్మన్ కుటుంబాలు ఓడలెక్కి ఆస్ట్రేలియా, కెనడా పోయాయి. హిట్లర్ యుద్ధం తర్వాత కూడా వాళ్లది బతుకు వెతుకులాటే అయింది. మావాళ్లది గద్దారీ అయింది.

ఇంకో మాటా ఒప్పుకోవాలి. మా దాదాలు ఉండిపోయింది దేశభక్తితోనే కాదు. ఒకరికి ఓడ కిరాయి లేదు. ఒకరింట్లో నిండు చూలాలు. ఇన్నాళ్లూ మేం దేశభక్తనే చెప్పుకొచ్చాం, అడిగేవాళ్లకు ఆ జవాబే నచ్చుతుంది గనక.