మందిరమునకు రంగులు ఎవరి కొరకు?



క్రిస్మస్ సమీపించగానే మందిరమునకు సున్నము వేయుట, రంగు కాగితములు కట్టుట మన పల్లెలలో చిరకాలపు ఆచారము. ఇప్పుడు దానికి తోడు సంఘమునకు ఒక వెబ్‌సైటు కూడ ఉండవలెనని యౌవనస్థులు కోరుచున్నారు. "ఆ డబ్బు బీదలకు ఇయ్యరాదా?" అని పెద్దలు అడుగుదురు. "గోడలు పెచ్చులూడిన మందిరమునకు ఎవరు వచ్చెదరు?" అని పిల్లలు అడుగుదురు. ఇరువురి మాటలోను సత్యమున్నది.

యోవాషు రాజు కాలమున యెరూషలేము మందిరము శిథిలమైయుండెను. సొమ్ము వచ్చుచున్నను, ఆయన యేలుబడిలో 23వ సంవత్సరము వరకు యాజకులు దానిని బాగుచేయలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన సొమ్ముతో వెండి పాత్రలు చేయింపలేదు. వడ్రంగులకును, రాతిపనివారికిని కూలి యిచ్చి, కలపయు రాళ్లును కొనిరి. ముందు బాగుచేయుట, తరువాతనే అలంకారము.

మన మెదకు దేవాలయమును చూచితిరా? చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో పని ప్రారంభింపగా, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. కరవు దినములలో ఆకలిగొన్నవారికి అక్కడ పనియు, పనికి అన్నమును దొరికెను. అంత అందమైన కట్టడము ఆకలిని మరువలేదు. అచ్చటి రంగు అద్దముల కిటికీలు పగటివేళ బయటనుండి చూచినయెడల మసకగానే యుండును. లోపలికి వచ్చినవారికే క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము వెలుగుతో అగుపడును.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా మందిరమునకు క్రొత్త రంగులు వేసి, వెబ్‌సైటు పెట్టితిమి. ఒక విధవరాలికి చీర యిచ్చుచు తీయించుకొనిన ఫొటోను నేనే అందులో పెట్టించితిని. పట్నములో చదువుకొను ఆమె కుమారుని తోటివారు దానిని చూచి నవ్విరట. మూడు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. నేను ఇంటికి వెళ్లగా, మడత విప్పని ఆ చీరను చూపి, "అయ్యగారూ, చీర నాకిచ్చినారు. ఫొటో ఎవరికిచ్చినారు?" అనెను. నాకు జవాబు దొరకలేదు. ఫొటోను తీసివేయించితిని గాని, ఆ బిడ్డ పడిన సిగ్గును తీసివేయలేకపోతిని.

ప్రియులారా, వెబ్‌సైటు చెడ్డది కాదు. అది గుమ్మము వంటిది. ఆరాధన వేళ, మందిరమునకు త్రోవ, కానుకల లెక్క అందులో నుండనిండు. పనికై దూరదేశము పోయిన మన పిల్లలు అందులో ప్రసంగము విని ఓదార్పు పొందుదురు గాక. అయితే బీదవాని ముఖము మన గుమ్మమునకు కట్టు తోరణము కాదు.

రంగు కొనకమునుపు మందిరము చుట్టు ఒకసారి నడిచి చూడుడి. ముసలివారు ఎక్కలేని మెట్టు ఎక్కడ ఉన్నది? చూపు మందగించినవారు పాటల పుస్తకము చదువలేని చీకటి మూల ఏది? ముందు అవి సరిచేయుడి. తరువాత సంతోషముతో రంగులు వేయుడి. సిగ్గుపడి ఇంట నిలిచిపోయిన ఒక్కరు తిరిగి వచ్చి కూర్చుండుటకంటె మన మందిరమునకు వేరు అలంకారము లేదు. అట్టి అలంకారము ప్రభువు మన సంఘములన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.