ఇంటి చుట్టు నడిచి చూడుడి



రోహిణి కార్తె వెళ్లగానే, జూన్ మొదటి వారము దాటినంతనే, మృగశిర ప్రవేశించును. రైతులు విత్తనములను, ఎరువులను సమకూర్చుకొనుచున్నారు. అయితే తొలకరి వాన పొలముమీదనే కాదు, మన ఇంటి కప్పుమీదను పడును. దానిని చూచుకొన్నవారెందరు? ప్రసంగి గ్రంథము 10వ అధ్యాయములో జ్ఞాని సోమరితనమునకు గురుతుగా దిగబడిన కప్పును, కారుచున్న ఇంటిని చూపెను. హృదయమను ఇంటిని గూర్చి మనము తరచుగా వినుచున్నాము. ఈ నెల మట్టితోను ఇటుకతోను కట్టిన ఇంటిని గూర్చియే వ్రాయుచున్నాము.

ఇది దైవసేవకు సంబంధము లేని పని యని యెవరును తలంచవలదు. లేవీయకాండము 14వ అధ్యాయము చదువుడి. గోడలో పొడవంటిది కనబడినయెడల ఇంటి యజమానుడు తానే వచ్చి యాజకునికి తెలుపవలెను. యాజకుడు ముందుగా ఇల్లు ఖాళీ చేయించి, తరువాత గోడలను పరీక్షించును. పచ్చనివో యెఱ్ఱనివో చారలు లోతుగా దిగియున్నచో ఏడు దినములు ఇల్లు మూయించి, మరల వచ్చి చూచును. పొడ వ్యాపించినచో చెడిన రాళ్లను ఊడదీయించి, గోడలు గీకించి, వేరు రాళ్లు పెట్టించి, క్రొత్త అడుసు పూయించును. బలిపీఠమునొద్ద నిలుచు యాజకుడే చెడిన గోడయొద్దను నిలువవలసియుండెను!

ఇందులో నాలుగు పనులు కలవు: దాచక తెలుపుట, దగ్గరకు వెళ్లి చూచుట, ఆగి మరల చూచుట, చెడినదానిని తీసి బాగుచేయుట. పైన సున్నము కొట్టి కప్పివేయుడని ఆ ధర్మములో ఎక్కడను లేదు.

మొదట కప్పును చూడుడి. పెంకుటిల్లయినచో జారిన పెంకులను, పగిలిన పెంకులను మార్చుడి. మన పల్లెలలో నేటికిని కనబడు మంగుళూరు పెంకునకు మిషనుతో సంబంధము కలదు. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కర్మాగారము స్థాపించిరి. సువార్త చెప్పుటయు, మనుష్యుల తలలమీద కప్పు నిలుపుటయు వారికి పరస్పర విరోధములుగా తోచలేదు. రేకుల ఇల్లయినచో కొక్కెపు బోల్టులు వదులయినవేమో చూడుడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినప్పుడు రేకులు ఎగిరిపోయిన ఇండ్లు అనేకములు. సిమెంటు రేకుమీద కాలు మోపవలదు, అది విరుగును. వాసములమీద పలక వేసికొని దానిమీదనే నడువవలెను. మిద్దె అయినచో నీరు పోవు తూములలోని ఆకులు తీసివేయుడి.

తరువాత గోడలను చూడుడి. పగులు కనబడినచో దాని రెండు కొనలయందు పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయుడి. కొన్ని వారముల తరువాత గీత దాటినచో అది పెరుగుచున్నదని తెలియును, మేస్త్రిని పిలువవలెను. నల్లరేగడి నేల తడికి ఉబ్బి ఎండకు కుంచించుకొనును గనుక అట్టి ఊళ్లలో మరింత జాగ్రత్త వలెను. పిట్టలు వేసిన గింజనుండి గోడ సందులో రావి మొక్క మొలచును. దాని తల త్రుంచినంత మాత్రమున చావదు; వేరుతో పెరికి సందు పూడ్చవలెను. స్లాబు చూరునొద్ద తుప్పు మరకలు కనబడుచున్నవా? ఇనుము తుప్పుపట్టినప్పుడు ఉబ్బి, సిమెంటును లోపలినుండి పగులగొట్టును. పెచ్చు ఊడిన చోట రంగు వేయుట మందు కాదు.

చివరకు పునాదిని చూడుడి. గోడమొదట నీరు నిలువకుండ నేల వెలుపలికి వాలుగా ఉండవలెను. గోడమీద చెదల మట్టిబారులు కనబడినచో అవి వాసములకు ఎక్కకముందే మందు వేయించుడి.

ఇక మనము మరువరాని ఆజ్ఞ మరియొకటి కలదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, లేనిచో అక్కడనుండి పడినవాని రక్తదోషము ఆ యింటిమీదకి వచ్చుననియు మోషే తెలిపెను. ఆ దేశపు ఇండ్లకు చదునైన కప్పులుండెను. రాహాబు మిద్దెమీద జనుపకట్టెలుంచెను. పేతురు మిద్దెమీద ప్రార్థించెను. మనమును మిద్దెమీద మిరపకాయలు ఎండబెట్టుదుము, వేసవి రాత్రులు పిల్లలతో పండుకొందుము. పిట్టగోడ 1 మీటరు ఎత్తునకు తగ్గకూడదని మన దేశపు భవన నిర్మాణ నియమావళియు చెప్పుచున్నది. పెచ్చులూడి, వీధివైపు ఒరిగిన పిట్టగోడ క్రింద ఎవరి బిడ్డ నడచుచున్నది? ఇల్లు మనదే గాని, దాని నీడను నడచువారందరును దేవుని సొత్తు.

ప్రియులారా, మన సంఘములలో విధవరాండ్రు కలరు. కుమారులు పట్టణములకు వలసపోయిన వృద్ధులు కలరు. వారు నిచ్చెన ఎక్కలేరు, మేస్త్రికి కూలి ఇయ్యలేరు. వానకు నానిన పాత మట్టిగోడ రాత్రివేళ కూలి, నిద్రించుచున్నవారు మరణించిరను వార్త ప్రతి వర్షకాలమున వినుచునే యున్నాము. ఆ గోడ ఉబ్బునో ఒరుగునో పగటివేళ చూచి చెప్పినవారుండినచో ఎందరు బ్రదికియుందురు!

కాబట్టి ఈ నెలలో ఒక ఆదివారము ఆరాధన పిమ్మట మొదట మందిరము చుట్టును, తరువాత మన మన ఇండ్ల చుట్టును, అటుతరువాత ఆ పెద్దల ఇండ్ల చుట్టును నడచుదము. యౌవనస్థులు నిచ్చెన తెండు. పనివారు తాపీ తెండు. ఉన్నవారు పెంకులకును సిమెంటునకును డబ్బు తెండు. బాగుచేయుటకు వీలులేని గోడ కనబడినచో అవ్వ మంచమును ఆ గోడయొద్దనుండి ఆ దినమే జరుపుడి. ముసురు పట్టిన రాత్రులలో మందిరపు తలుపులు ఆమెకు తెరచియుంచుడి.

కన్నులు మనకిచ్చిన దేవుడు, పొరుగువాని గోడను సైతము చూచు మనస్సును మనకు దయచేయును గాక. ఆమేన్.